చెయ్యి అందని చోటు

స్మార్ట్ టాయిలెట్ కొందామని శానిటరీ షోరూముకు వెళ్తే ముందు చూపించేది మూత. మనిషి దగ్గరికి రాగానే దానంతటదే లేస్తుంది, దూరం జరగ్గానే దిగుతుంది. ఆ తర్వాత సీటు వెచ్చదనం, రాత్రిపూట వెలిగే చిన్న దీపం, దుర్వాసన లాగేసే ఫ్యాను, ఫోనుతో కలిపే సదుపాయం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నీళ్ళ ధార సంగతి చివర్న, కాస్త గొంతు తగ్గించి చెబుతారు. చరిత్రలో వరస దీనికి పూర్తిగా తలకిందులు. ముందు పుట్టింది ధార. వెచ్చదనం దానికి తోడొచ్చింది. మూత లేవడమన్నది, అమ్మడానికి కొత్త ఆకర్షణలు వెతుక్కోవలసి వచ్చిన రోజుల్లో చేరిన ముచ్చట. ఈ వస్తువు విలాసంగా పుట్టి, పనిలో పనిగా రోగులకూ ఉపయోగపడిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది తన చెయ్యి తనకు అందని మనిషి కోసం పుట్టి, తరవాత విలాసం వేషం కట్టింది. ఇది తెలిసినవాళ్ళకి ధరల పట్టీలో ఏ గీత దగ్గర ఆగాలో కూడా తెలుస్తుంది.

1957లో స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ మౌరర్, కడిగి వెచ్చని గాలితో ఆరబెట్టే కమోడ్ ఒకటి తయారుచేశాడు. దాని పేరు క్లోసోమాట్. బ్రిటన్‌లో ఆ పేరు చెబితే ఇప్పటికీ గుర్తొచ్చేది చేతులు సహకరించని వాళ్ళ కోసం అమర్చే బాత్రూములే. అట్లాంటిక్‌కు అవతల 1964లో ఆర్నల్డ్ కోహెన్ అమెరికన్ బిడే కంపెనీ పెట్టాడు. అనారోగ్యంతో బాధపడుతున్న తండ్రికి ఊరటగా ఉంటుందని చేసిన సీటే దానికి మూలం. అదే సంవత్సరం జపాన్‌లో, అప్పటికింకా తోయో తోకి అన్న పాత పేరుతోనే ఉన్న టోటో కంపెనీ, వాష్ ఎయిర్ సీట్ అనే అమెరికా సరుకును దిగుమతి చేసుకుని అమ్మడం మొదలుపెట్టింది. అది వైద్య అవసరాల కోసం చేసిన వస్తువు. మొలలతో బాధపడేవాళ్ళకి, ఆపరేషన్ అయినవాళ్ళకి కాగితం రాపిడి నరకం. గోరువెచ్చని నీళ్ళు తగిలితే ప్రాణం లేచివస్తుంది. 1967లో ఇనా సీతో కంపెనీ సానిటరీనా 61 అనే పేరుతో కడిగే కమోడ్లలో మొట్టమొదటి జపాన్ తయారీ సరుకును బయటపెట్టింది. 1969 నుంచి వాష్ ఎయిర్ సీట్‌ను టోటో తన దేశంలోనే తయారుచేసింది. అయినా సరుకు కదల్లేదు. ధర ఎక్కువన్నది ఒక కారణం. ధార ఒకసారి వేడిగా, ఒకసారి చల్లగా వచ్చేది. ఎటు తగులుతుందో నమ్మకం లేదు. ఒంట్లో ఏ బాధా లేనివాడు నవ్వుకుని వదిలేసే లోపమే అది. పుండు ఉన్నవాడికి మాత్రం నవ్వులాట కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. జపనీయులకు శుభ్రత మీద పట్టింపు ఎక్కువ, గుడి ముందు చేతులూ నోరూ కడుక్కుని గాని లోపలికి వెళ్ళని జనం, కాబట్టి ఈ యంత్రం వాళ్ళ సంస్కృతిలోంచే వచ్చింది, మధ్యలో రోగుల ప్రసక్తి ఎందుకు అని. వినడానికి బాగుంది గాని సాక్ష్యం ముందు నిలవదు. 694 నుంచి 710 దాకా జపాన్ రాజధానిగా ఉన్న ఫుజివారాలో 1992లో ఒక మరుగుదొడ్డి గుంట తవ్వకాల్లో బయటపడింది. అందులో దొరికినవి తుడుచుకున్న చెక్క పుల్లలు, కడుపులో పురుగుల గుడ్లు. పుల్ల తరవాత కాగితం వచ్చింది, నీళ్ళు రాలేదు. ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా, మనిషి మలం అమ్ముడుపోయే సరుకు. అద్దె ఇళ్ళ దొడ్లలో పోగైనదాని మీద హక్కు ఇంటి యజమానిది. చుట్టుపక్కల రైతులు డబ్బులో కూరగాయలో ఇచ్చి ఎరువుకు పట్టుకుపోయేవాళ్ళు. ఎత్తిపోసే గుంట మీద గొంతుకూర్చునే ఇంట్లో నీళ్ళు ఎగజిమ్మే యంత్రానికి తావే లేదు. సంస్కృతి అంత బలమైనదే అయితే పదమూడు శతాబ్దాలు ఎందుకు ఊరుకుంది? 1973 చమురు సంక్షోభంలో టాయిలెట్ కాగితం దొరకదన్న పుకారు లేచి, ఒసాకా దగ్గరి సెన్రి న్యూటౌన్‌లో ఆడవాళ్ళు దుకాణాల ముందు బారులు తీరారు. ఆ భయం దేశమంతా పాకింది. ఇది జరిగిన ఏడేళ్ళకు కాగితాన్ని వెనక్కి నెట్టే సీటు అదే దేశంలో బజారుకొచ్చింది. ఏడేళ్ళలో సంస్కృతి మారదు. ఇల్లు మారుతుంది.

ఇల్లు మారడమంటే ఏమిటో చూడాలి. 1955లో ఏర్పడిన జపాన్ గృహనిర్మాణ సంస్థ కట్టించిన ఫ్లాట్లలోకి 1960 ప్రాంతాల నుంచి కూర్చునే కమోడ్లు వచ్చాయి. 1970ల చివరికి వచ్చేసరికి టోటో అమ్మకాల్లో గొంతుకూర్చునే రకాన్ని కూర్చునే రకం దాటేసింది. 1980లో కూడా మురుగుకాలువ సదుపాయం దేశ జనాభాలో సుమారు 30 శాతానికే ఉంది. సెప్టిక్ ట్యాంకులతో మిగతా ఇళ్ళలో కొన్ని నెట్టుకొచ్చాయి. కూర్చునే కమోడ్, ఫ్లష్ చేసే నీళ్ళు, దగ్గర్లో కరెంటు, తలుపు వేసుకుని కాసేపు ఒంటరిగా కూర్చోగల గది. ఈ నాలుగూ కలిసేదాకా ఎలక్ట్రానిక్ సీటు అమర్చడానికి చోటే లేదు. అమెరికాలో సరిగ్గా తిరగబడిన కథ జరిగింది: టోటో మొదట అమ్మిన సరుకు అక్కడిదే అయినా, కమోడ్ పక్కన ప్లగ్ పాయింట్ లేని ఇళ్ళు కోట్లలో ఉండిపోయాయి. అక్కడికి కాపురం వెళ్ళిన తెలుగువాళ్ళు తొలి రోజుల్లో బాత్రూములో ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకుని సర్దుకున్నారంటే అందులో ఆశ్చర్యం లేదు.

టోటో ఇంజినీర్లు వాష్ ఎయిర్ సీట్‌ను పక్కనపెట్టి కొత్తగా తయారుచేయడానికి కూర్చున్నప్పుడు ఎదురైన మొదటి చిక్కు చాలా మొరటుది. ధార ఎక్కడ తగలాలి? శరీరశాస్త్ర గ్రంథాల్లో ఆ అవయవం ఎలా ఉంటుందో ఉంది గాని, సీటు మీద కూర్చున్న మనిషికి అది ముందంచు నుంచి ఎంత దూరంలో పడుతుందో ఎవరూ కొలవలేదు. కొలవక తప్పలేదు. సీటుకు అడ్డంగా తీగ కట్టి, సొంత ఉద్యోగులనే కూర్చోబెట్టి, తగిలిన చోట గుర్తు పెట్టించుకున్నారు. ఆడవాళ్ళు మొదట ససేమిరా అన్నారు. బతిమాలి, నచ్చజెప్పి, మొత్తానికి మూడొందల మందికి పైగా కొలతలు సంపాదించారు. తరవాత నీటి వేడి. ఎండలోనూ చలిలోనూ కూర్చుని తమమీదే ప్రయోగాలు చేసుకుని, 38 డిగ్రీలు హాయి అని తేల్చారు. సీటుకు 36, ఆరబెట్టే గాలికి 50. ధార 43 డిగ్రీల వాలులో రావాలన్నారు. అలా వస్తే కడిగిన నీళ్ళు తిరిగి నాజిల్ మీద పడవు. వాడనప్పుడు నాజిల్ లోపలికి ముడుచుకోవాలి, వాడేటప్పుడు సాగాలి. ఆ కిటుకు కారు రేడియో యాంటెనా చూస్తే తట్టింది. అన్నిటికంటే భయపెట్టినది నీళ్ళూ కరెంటూ ఒకేచోట ఉండడం. వానలో తడుస్తూ కూడా వెలిగే ట్రాఫిక్ సిగ్నల్ చూసి ఒక ఇంజినీరుకు దారి దొరికిందని కంపెనీవాళ్ళు చెప్పుకుంటారు: తేమ చొరబడకుండా పూత వేసిన ఐసీ. 1980 జూన్‌లో వాష్‌లెట్ జి విడుదలైంది. కడుగుదాం అనే అర్థమున్న రెండు ఇంగ్లీషు మాటల్ని తిరగేసి అంటించిన పేరు అది.

పుట్టుకను గురించిన వాదానికి ఈ వివరాలే ప్రాణం. మూడొందల మంది కొలతలు దేనికి? చేత్తో కడుక్కునేవాడికి ఆ కొలత అక్కర్లేదు. చెయ్యికి చూపు అవసరం లేదు, అది తడుముకుని చోటు కనుక్కుంటుంది. వేడి తట్టుకోలేకపోతే వెనక్కి తీసుకుంటుంది, సరిపోయిందో లేదో తెలుసుకుని ఆగుతుంది. ఈ మూడు పనులూ యంత్రానికి నేర్పడానికే అంత తంటాలు. చెయ్యికి బదులు నిలబడే వస్తువు కాకపోతే అందులో ఏ ఒక్కటీ అవసరముండేది కాదు. ఫ్రాన్సు బిడేతో పోల్చి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి ఇళ్ళలో పుట్టిన ఆ తొట్టికి పొట్టిగుర్రం అన్న అర్థమొచ్చే పేరు, దాని మీద కాళ్ళు చెరోవైపు వేసి కూర్చునే తీరు వల్ల వచ్చింది. కమోడ్ మీంచి లేచి, దాని దగ్గరికి జరిగి, కూర్చుని, చేత్తోనే కడుక్కోవాలి. ఇటలీ 1975లో ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూముకు బిడే ఉండాలని శాసనమే చేసింది. ఫ్రాన్సు మాత్రం చిన్న ఫ్లాట్లలో చోటు చాలక దాన్ని చాలామటుకు వదిలేసింది. బిడే నీళ్ళకు చోటిచ్చిందే తప్ప చెయ్యికి సెలవివ్వలేదు. అందుకే ఎలక్ట్రానిక్ సీటును బిడే వారసురాలిగా చెప్పే కేటలాగుల మాట సగమే నిజం. పేరు అక్కణ్ణించి వచ్చింది, పని ఆసుపత్రి నుంచి వచ్చింది.

సరుకు తయారైంది గాని ఆ మాట నలుగురిలో ఎత్తడమెలా? 1982లో టోటో టీవీ ప్రకటన ఒకటి వేసింది. రాసినది నకహతా తకాషి. తెర మీద కనిపించింది గాయని, నటి తొగావా జున్. అరచేతికి రంగు పూసుకుని కాగితంతో తుడుస్తుంది, రంగు పోదు. పిర్రలకు కూడా కడిగించుకోవాలని ఉంటుంది అని తాత్పర్యం వచ్చే ఒక వాక్యం చెబుతుంది. ఇది సాయంత్రం జనం అన్నాలు తినే వేళ ప్రసారమైంది. భోజనం ముందు ఇదేం చూపించడమని కంపెనీకి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆ ప్రకటనలోని చమత్కారమల్లా చేతిని ముందుకు తేవడంలో ఉంది: చేతికి బురద అంటితే కాగితంతో తుడిచి ఊరుకుంటావా అని అడగడం. ఆ ప్రశ్నకు తెలుగువాళ్ళు ఏనాడో జవాబు చెప్పేశారు. కాగితం జాతులకు మాత్రం అది కొత్త. మన పత్రికలు ఈనాటికీ ఈ విషయం రాసేటప్పుడు మర్యాద కోసం సంస్కృతం వెనక దాక్కుంటాయి. ఆ తెర తీయాలంటే ఎంత తెగువ కావాలో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అమ్మకాలు ఒక్కసారిగా ఎగిరిపోలేదు. 1992లో ప్రభుత్వ సర్వే ప్రకారం జపాన్ ఇళ్ళలో 14.2 శాతానికే కడిగే సీటు ఉంది. ఇప్పుడది 80 శాతం దాటింది. టోటో ఒక్కటే 1998 నాటికి కోటి, 2019 నాటికి 5 కోట్ల సీట్లు అమ్మింది. జపాన్ యంత్ర శాస్త్రజ్ఞుల సంఘం 2012లో వాష్‌లెట్ జిని యంత్ర వారసత్వ సంపదల్లో చేర్చింది. ఈ ప్రయాణంలో అదనపు హంగులు ఎన్నో వచ్చి చేరాయి. ఆడవాళ్ళు శబ్దం బయటికి వినపడకుండా ఊరికే ఫ్లష్ నొక్కుతూ నీళ్ళు వృథా చేస్తున్నారని 1988లో టోటో నీటి చప్పుడు వినిపించే పరికరం పెట్టింది. హంగులు పెరిగేకొద్దీ మీటలు పెరిగాయి, గుర్తులు ఒక్కో కంపెనీవి ఒక్కో రకం. విదేశీయులు ఏది నొక్కితే ఏమవుతుందో తెలియక బిక్కచచ్చిపోయేవాళ్ళు. చివరికి 2017లో తయారీదార్ల సంఘం 8 గుర్తుల్ని అందరికీ ఒకేలా ఉండేట్టు ఖాయం చేసింది. 2007లో లక్షా 80 వేల సీట్లకు టోటో ఉచితంగా మరమ్మతు చేయవలసి వచ్చింది; కొన్నిట్లో పొగ, మంట వచ్చాయి. నీళ్ళూ కరెంటూ పక్కపక్కన ఉండడం గురించి 1980 నాటి ఇంజినీర్ల భయం ఉత్తది కాదు.

నా వాదం మీద గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాటవేయకూడదు. రోగుల కోసమే అయితే 80 శాతం ఇళ్ళు ఎందుకు కొన్నాయి? అందరూ రోగులు కారు కదా. నిజమే, చాలామంది కొన్నది వెచ్చదనాన్ని. జపాన్ ఇళ్ళలో చలికాలంలో గది గదికీ వేడి ఉండదు, మరుగుదొడ్డి ఇంట్లోకెల్లా చల్లని మూల. పొద్దున్నే అక్కడ వెచ్చగా కూర్చోవడమంటే ఎవరికి చేదు? ఇంకో సాక్ష్యం మరీ ఇబ్బందికరమైనది. 2000లో మొదలైన దీర్ఘకాల సంరక్షణ బీమా కింద, నడవలేని వృద్ధుల ఇంట్లో గొంతుకూర్చునే దొడ్డిని కూర్చునే కమోడ్‌గా మారిస్తే 2 లక్షల యెన్ల పరిమితి వరకు ఆ ఖర్చుకు సాయం అందుతుంది. ఉన్న కమోడ్‌కు కడిగే సీటు మాత్రమే తగిలిస్తే అందదు. అంటే ప్రభుత్వం దృష్టిలో కూర్చోవడం అవసరం, కడగడం సౌకర్యం. దీన్నిబట్టి నా వాదం ఓడిపోయిందనుకోను. ఒక వస్తువు ఆకారాన్ని ఎవరి అవసరం తీర్చిదిద్దింది అన్నది ఒకటి, దాన్ని లక్షల్లో ఎవరు కొన్నారన్నది ఇంకొకటి. కళ్ళద్దాలు చూపు మందగించిన వాళ్ళ కోసం పుట్టాయి. ముఖానికి అందమని పెట్టుకునేవాళ్ళుంటే ఆ పుట్టుక మారదు. పైగా 1970లో జపాన్ జనాభాలో 65 దాటినవాళ్ళు 7 శాతం, 1994కి 14. కుర్రతనంలో వెచ్చదనం కోసం కొన్నవాళ్ళే నడుము వంగాక ధార విలువ తెలుసుకున్నారు. సీటు అప్పటికే ఇంట్లో ఉంది.

మనవైపు వాదం ఇంకోలా ఉంటుంది. చెంబు పట్టుకుని పొలం గట్టుకు వెళ్ళిన రోజుల నుంచి హెల్త్ ఫాసెట్ దాకా మనం నీళ్ళను ఎన్నడూ వదల్లేదు, కాగితం వాళ్ళకి ఇది వింత గాని మనకెందుకు అని. ఒంట్లో సత్తువ ఉన్న మనిషి విషయంలో ఈ మాట ఒప్పుకుని తీరాలి. చెంబుడు నీళ్ళు ఇచ్చే శుభ్రతకు యంత్రం పెద్దగా కలిపేదేమీ లేదు. మరీ గట్టిగా, మరీ ఎక్కువసేపు ధార కొట్టించుకుంటే చర్మం ఒరుసుకుపోతుంది కూడా. కాని మన పద్ధతి మొత్తం ఒక ఎడమచెయ్యి మీద నిలబడి ఉంది. కుడిచేత్తో తినడం, ఎడమచేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకపోవడం అన్న మర్యాద ఈ పని చుట్టూ అల్లుకున్నదే. పక్షవాతం ఒక పక్కను లాగేస్తే, భుజం బిగుసుకుపోతే, వేళ్ళ కీళ్ళు వాచి ఫాసెట్ మీట నొక్కలేకపోతే ఆ ఏర్పాటు కూలిపోతుంది. మోకాళ్ళ కోసం మన ఇళ్ళు ఈ ఇరవై ముప్పై ఏళ్ళలో కమోడ్‌కు మారాయి. చెయ్యి గురించి ఇంకా ఆలోచించలేదు. ఇంకొకరి మలం ఎవరు ముట్టాలన్నది ఈ దేశంలో కులం తేల్చిన సంగతి. దాన్ని మాన్పించడానికి 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేయవలసి వచ్చిందంటే అది ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుస్తుంది. మంచాన పడ్డవాళ్ళు కోడలికో జీతానికి వచ్చే మనిషికో ఆ పని అప్పగించేటప్పుడు పడే సిగ్గులో ఆ పాత బరువు కూడా కలిసి ఉంది. ముడ్డి కడిగి పెంచానని తల్లి కొడుకుతో అనగలదు. ఆ మాట కొడుకు తనతో అనే రోజు రావాలని ఏ తల్లీ కోరుకోదు.

ఈ కోణంలోంచి చూస్తే ఎంపిక చాలా సులువవుతుంది, ఖర్చూ తగ్గుతుంది. చూడవలసింది మూత కాదు. నాజిల్‌ను ముందుకూ వెనక్కూ జరపగలమా? ఒత్తిడిని బాగా తగ్గించగలమా? ఆరబెట్టే గాలి నిజంగా ఆరబెడుతుందా? ఇది లేకపోతే తుడుచుకోవడానికి మళ్ళీ చెయ్యే కావాలి. మీటలు సీటు పక్కనే అతికించినవైతే ఆ పక్క చెయ్యి పనిచేయనివాళ్ళకు దండగ. గోడకు తగిలించే రిమోట్ ఏ వైపుకైనా మార్చుకోవచ్చు. నీటి వేడి గురించి మాత్రం జపాన్ లెక్క మనకు పనికిరాదు. 38 డిగ్రీలకు వేడిచేయడం వాళ్ళ చల్లని నీళ్ళకు కావలసిన పని; మే నెల మధ్యాహ్నం మన డాబా మీది ట్యాంకు నీళ్ళు అంతకంటే వేడిగా దిగే ఇళ్ళు బోలెడు, వేడిచేసే యంత్రానికి చల్లబరచడం రాదు. అప్పటికప్పుడు వేడిచేసే రకం వెయ్యి వాట్లకు పైగా లాగుతుంది, ఇంట్లో మామూలు ఇన్వర్టరు దాన్ని మోయలేదు. చిన్న ట్యాంకులో నీళ్ళు నిలవపెట్టుకునే రకానికి తక్కువ చాలు. కరెంటు పోయినప్పుడు చేత్తో ఫ్లష్ చేసే దారి ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. బోరు నీళ్ళ ఇంట్లో సున్నం పేరుకుని నాజిల్ రంధ్రాలు, హీటరు పాడవుతాయి. ముందొక ఫిల్టరు, అవసరమైతే సాఫ్టెనర్ ఉండాలి. అమెరికా నుంచో జపాన్ నుంచో బంధువులు సూట్‌కేసులో తెచ్చిన సీటు అక్కడి 120, 100 వోల్టులకు చేసినది, మన 230 వోల్టులకు తగిలిస్తే అంతే సంగతులు. టోటో 2014లో గుజరాత్‌లోని హాలోల్‌లో ఫ్యాక్టరీ తెరిచింది, మిగతా కంపెనీల సీట్లూ ఊళ్ళోనే దొరుకుతున్నాయి. ఆ శ్రమ అక్కర్లేదు. కరెంటు అసలు లేకుండా నీటి ఒత్తిడితోనే, ఒక మీట తిప్పితే పనిచేసే సీట్లు కూడా ఉన్నాయి. మన ఎండలకు చాలా ఇళ్ళకి అవే చాలు.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ఈ సీటు ఇప్పుడే కొనక్కర్లేదు. టైల్స్ అతికించకముందు, కమోడ్ వెనక గోడలో నీళ్ళు చిమ్మని ఎత్తున, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ఒక ప్లగ్ పాయింటు, దానికి షాక్ కొడితే కట్టయ్యే బ్రేకరు, పక్కన ఒక చిన్న నీళ్ళ వాల్వు పెట్టించమని మేస్త్రీకి చెప్పాలి. వీలైతే బాత్రూము తలుపు చక్రాల కుర్చీ దూరేంత వెడల్పు ఉంచమని కూడా. ఇదంతా ఒక పూట పని. ఇరవై ఏళ్ళ తరవాత గోడ పగలగొట్టడం వారం రోజుల పని, అదీ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉండగా.